రెండు ఆకుడొప్పలు

రాజకుమారి ఎవరినీ నమ్మదని పనసగరువులో అందరికీ తెలుసు. సంతలో ఉప్పు తూచేవాడి తక్కెడ కింద చెయ్యి పెట్టి చూస్తుంది. బొర్రా స్టేషన్లో రైలు గంట ఆలస్యమని చెబితే, ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్లి సొరంగం వైపు తొంగి చూస్తే గానీ ఒప్పుకోదు. "మైకుకేటి, నోరుంది గదాని ఏదైనా సెప్తాది" అంటుంది. లోకం మొత్తం మీద ఆవిడ నమ్మినవి రెండేనని ఊళ్లో వేళాకోళం. ఒకటి వాళ్ల నాన్న కట్టిన ఇల్లు, రెండోది తమ్ముడు ధనుంజయ్.

అలాంటి మనిషి ముక్కూమొహం తెలియనివాళ్లకు మంచం వేసి అన్నం పెట్టే హోమ్‌స్టే నడపడం విచిత్రమే. కానీ గతి అలా తెచ్చింది. భర్త పోయాక ఆరేళ్ల కిందట పుట్టింటికి తిరిగొచ్చింది. పిల్లల్లేరు. తండ్రి కూడా పోయాక పెంకుటిల్లూ, ముందు జాగా, వెనక కొండ మీద కాఫీ తోటా అక్కాతమ్ముళ్లిద్దరి పేరున మిగిలాయి. పాడేరులో రెండ్రోజులు శిక్షణ ఇస్తామంటే వెళ్లి, అక్కడ చెప్పిన ప్రతి మాటకూ తల అడ్డంగా ఊపి, ఇంటికొచ్చి కందులు పోసుకునే గదిని ఖాళీ చేసి రెండు మంచాలు వేసింది. గుమ్మం పక్కన బోర్డు పెట్టింది.

ధనుంజయ్‌కి ఆ బోర్డు నచ్చలేదు. జీపులో టూరిస్టులను గుహలకు తిప్పేవాడు కాబట్టి వాళ్లకేం కావాలో తనకే తెలుసునంటాడు. "మట్టిల్లు ఎవడు సూత్తాడే అక్కా! ఇది పడగొట్టేసి గుడారాలేద్దాం. మైదానం నుంచి సాయినాథ్ గారని ఉన్నారు, పెట్టుబడంతా ఆయనదే. నువ్వు సంతకం ఎట్టు సాలు" అని రెండేళ్లుగా చెవిలో జోరీగ. చివరికి అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈ ఏడు చిక్కుడు కొత్త పండగ నాటికి పదిమంది వచ్చి బస చేస్తే ఇల్లు అలాగే ఉంటుంది. రాకపోతే రాజకుమారి సంతకం పెడుతుంది. ఆవిడ మాట ఇచ్చింది, ఇస్తే తప్పదు.

కొత్త అంటే ఏమిటో పైవాళ్లకు తెలియదు. పాదు మీద చిక్కుడు ఎంత విరగకాసినా, ఊరి పెద్ద సోంబరు రోజు చెప్పి, ఊరిదేవత రాయి దగ్గర మొదటి గుప్పెడు పెట్టి, పోయినవాళ్లకు ఆకు వేసేదాకా ఎవరూ కాయ నోట పెట్టరు. సంతలో అమ్మే చిక్కుడైనా సరే, కొనరు. పైనుంచి వచ్చినవాడు తెలియక తింటే వాడికి తప్పు లేదు. తప్పు ఆ ఇంటికి. ఆ ఏడు ఊళ్లో ఏ పశువుకు జబ్బు చేసినా, ఏ బిడ్డకు జ్వరమొచ్చినా అందరి చూపూ ఆ ఇంటి మీదే ఉంటుంది.

డిసెంబరు రెండో వారం నాటికి వచ్చినవాళ్లు ఆరుగురు. అందులో ఇద్దరు గీజరు లేదని ఆ సాయంత్రమే తిరుగుముఖం పట్టారు. అలాంటి రోజుల్లో ఒక మంగళవారం అనురాధ అనే ఆవిడ ఒక్కతే ఆటో దిగింది. అరవైకి దగ్గర. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. భుజాన ఒకే ఒక్క సంచి. నాలుగు రోజులుంటానంది.

మంగళవారం ఎవరొస్తారు? వచ్చేవాళ్లు శనివారం వస్తారు, గుంపుగా వస్తారు, దిగీదిగగానే బొంగు చికెన్ ఉందా, సిగ్నల్ ఉందా అని అడుగుతారు. ఈవిడ ఏదీ అడగలేదు. అదే రాజకుమారికి మొదట గుచ్చుకుంది. ఆధార్ కార్డు పుచ్చుకుని మొహమూ ఫొటో మార్చి మార్చి చూసింది. సరిగ్గా సరిపోయింది. దాంతో అనుమానం ఇంకాస్త పెరిగింది. ఆధార్ ఫొటో ఎక్కడైనా మొహంతో సరిపోతుందా?

ఆ తర్వాత ఆవిడ చేసిన పనులు చూడాలి. రెండు మంచాలుంటే రెండింటి మీదా పడుకుని లేచింది. కిటికీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచి అది కిర్రుమనడం విన్నది. ఎర్రమట్టి అలికిన గోడను వేళ్లతో తట్టింది. వసారా ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులు లెక్కపెట్టింది. అరుగు మీద కూచుని చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది.

"ఏటి రాత్తన్నారమ్మగోరూ?" అడిగింది రాజకుమారి, కాఫీ గింజలు ఆరబోస్తూ.

"మీ ఇంటి గురించేనండీ."

"ఇంటి గురించి రాయడానికేటుంటాది?"

"చాలా ఉంది" అని నవ్వి, మళ్లీ తల వంచుకుని రాసుకుంది.

రాజకుమారికి పాత సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట పైగూడేనికి ఒకాయన ఇలాగే వచ్చాడు, పక్షులు చూస్తానని. నాలుగు రోజులు చక్కగా నవ్వుతూ తిరిగాడు, పిల్లలకు బిస్కెట్లు పంచాడు, అడుగులు లెక్కపెట్టాడు, రాసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అక్కడ కంచె లేచింది, రంగు దీపాలు వెలిగాయి. పక్షులు మాత్రం పోయాయి. కొండ మీది భూమిని మైదానపువాళ్లు కొనకూడదని చట్టముంది. నిజమే, ఎవరూ కొనలేదు. కాగితం మీద ఇప్పటికీ గూడెంలోని మనిషి పేరే ఉంది. ఆ పేరున్న మనిషి తన జాగాకు తానే గేటు కాపలా కాస్తున్నాడు. ఈ కడుపుమంట రాజకుమారికి ఒక్కదానికే కాదు, చెప్పుకుంటే చాలామందికి ఉంది.

కాబట్టి ఈ పొట్టిజుట్టావిడ ఎవరు పంపిన మనిషో ఆవిడకు అర్థమైపోయింది. అర్థమయ్యాక చెయ్యాల్సింది ఒకటే. ఇల్లు ఎందుకూ పనికిరాదని చెప్పి పంపించెయ్యాలి.

"వాన పడితే ఈ పెంకుల మీద చప్పుడు బాగుంటుందేమో కదండీ?" అని అనురాధ అడిగితే, "సెవులు పగిలిపోతాయి. ఆపైన కురుత్తాది. మంచాలు తడిసి ముద్దయిపోతాయి" అంది.

"నీళ్లు?"

"ఊట దూరం. ఎండాకాలం ఉండవు."

"ఈ అటక మీద ఏముంటుంది?"

"పాములు."

అనురాధ ఒక్క క్షణం ఆగి ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత అది కూడా పుస్తకంలో రాసుకుంది. నిజానికి ఆ ఇల్లు ఒక్క చుక్క కురవదు. ఊట నాలుగు అడుగుల దూరం. అటక మీద ఉన్నవి చోళ్ల బస్తాలూ పసుపూను. అబద్ధాలు చెప్పినందుకు రాజకుమారికి సిగ్గుగా లేదు గానీ, ఇన్ని లోపాలు విన్నా ఈవిడ సంచి ఎందుకు సర్దుకోవడం లేదన్నదే బాధ. ధర తగ్గించి అడగడానికి లోపాలన్నీ రాసి పెట్టుకుంటోందని తట్టాక ఒళ్లు మండింది.

మర్నాడు మధ్యాహ్నం అనురాధ వెనక వైపు నిలబడి, గొడ్లపాక మీదికి పాకిన చిక్కుడు పాదు చూస్తూ, "ఎంత కాసిందండీ! ఈ పూట ఇది వండిపెడతారా?" అంది.

"ఇది వండకూడదు" అంది రాజకుమారి. కారణం చెప్పలేదు. ఇంటి గుట్టు పైవాళ్లకు చెప్పడమెందుకు? గురువారం మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పింది. అనురాధ మొహం చిన్నబుచ్చుకుంది. ఒక గిన్నెడు చిక్కుడుకాయలకు ఇంత పిసినారితనమా అనుకుని ఉంటుంది. అనుకోనీ.

ఆ సాయంత్రం అరుగు మీద చలి కాచుకుంటూ అనురాధే మాటలు మొదలుపెట్టింది. భర్త డాక్టరు ఉద్యోగం మీద ఇంగ్లండులో ఉన్నప్పుడు పాతికేళ్లు తాను చేసిన పని ఒకటేనట. అక్కడి సముద్రం ఒడ్డున బస చెయ్యడానికి బాగుండే ఇళ్లు వెతికి, ఉండి చూసి, ఏడాదికో పుస్తకంలో రాయడం. పెద్ద హోటళ్లు కాదు. దీపస్తంభం కాపలావాడు కాపురమున్న ఇల్లు. చేపల వలలు ఆరేసుకున్న కొట్టం, కడిగినా సున్నం వేసినా ఉప్పు వాసన వదలనిది. నేల ఎంత వాలుగా ఉంటుందంటే, నిమ్మకాయ జారితే గుమ్మం దాకా దొర్లే ఇల్లు.

"వంకర నేలింటికి డబ్బులిచ్చి ఎల్తారేటి?"

"వరస కట్టి వెళ్తారు. ఒక ముసలావిడ ఇంట్లో కుర్చీ ఒకటుండేది, పోయిన మొగుడిది. ఎవరినీ కూచోనిచ్చేది కాదు. నేను తెలియక కూచోబోతే చీపురు ఎత్తింది. ఆ కుర్చీ చూసే ఆ ఇల్లు పుస్తకంలో పెట్టాను. ఇప్పుడు మన కొండల్లో ఇళ్లు వెతుకుతున్నాను, ఇక్కడ కూడా అలాంటి పుస్తకం వెయ్యాలని."

అబద్ధమాడితే అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అనలేదు. మొగుడి కుర్చీలో కూచోనివ్వని ఇంటికి చుట్టాలు రావడమేమిటి? రాజకుమారి అక్కడే తీర్పు చెప్పేసుకుంది. సాయినాథ్ పంపిన మనిషే, సందేహం లేదు.

శుక్రవారం అరకు సంత. మిరియాలు అమ్మాలి, వెళ్లక తప్పదు. ఈ కొలతల మనిషిని ఇంట్లో వదిలి వెళ్లడమెలా? రాజకుమారి దిగువ వీధిలో తమ్ముడి ఇంటికి వెళ్లింది.

"ఒరే ధనుంజీ, నాను ఎల్లి బేగి వచ్చేత్తాను. ఆ పట్నం ఆవిడ ఇంటి సుట్టూ తిరిగి ఏటి సేత్తాదో, ఎవులితో మాటాడతాదో సూడు. ఒక కన్నేసి ఉంచు."

"నువ్వెల్లక్కా. నానున్నాను గదా" అన్నాడు ధనుంజయ్. ఆ మాట వినగానే ఆవిడకు ప్రాణం కుదుటపడింది. లోకమంతా ఒకెత్తు, తోడబుట్టినవాడు ఒకెత్తు.

మూడు గంటలకు తిరిగొచ్చి గంప దించుకుంటూనే వెనక్కి వెళ్లి చూసింది. గొడ్లపాక మీద, తూర్పు వైపు చిక్కుడు పాదు బోసిగా ఉంది. తీగ లాగి కోసినట్టు ఆకులు రాలి ఉన్నాయి. పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. కొత్త కాకుండానే! ఈ ఇంట! రెండుసార్లు అడిగి, కాదంటే, ఇల్లు ఖాళీగా ఉండగా దోచి తిన్నదన్నమాట.

అనురాధ వసారాలో పుస్తకం చదువుకుంటోంది.

"అమ్మగోరూ, సిక్కుడుకాయలు ఎవులు కోసినారు?" అడిగింది రాజకుమారి. "వండకూడదని సెప్పినాను గదా? రెండుమార్లు సెప్పినాను గదా? పెద్దల కాయ ఎత్తుకు తినేసినారేటి?"

అనురాధ పుస్తకం మూసింది. ఆవిడకు కూడా కోపమొచ్చింది. మూడు రోజులుగా దాచుకున్న నొప్పంతా బయటపడింది.

"నేను ముట్టలేదండీ. కోసింది మీ తమ్ముడు. ఆయనతో ఒక తెల్లచొక్కా ఆయన వచ్చాడు. ఇద్దరూ టేపు పట్టుకుని మీ ముందు జాగా కొలిచారు. తర్వాత మీ తమ్ముడే కాయలు కోసి, మీ పొయ్యి మీదే ఉప్పేసి ఉడకబెట్టాడు. ఇద్దరూ తిన్నారు. నాకూ పెట్టబోతే వద్దన్నాను. మీరు రెండుసార్లు కాదన్నది మీరు లేనప్పుడు ఎలా తింటాను? నాకు పెట్టకపోయినా, మీవాళ్లకు పెట్టుకున్నారు కాబోలు అనుకున్నాను. నాకు కష్టంగానే అనిపించింది."

రాజకుమారి నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? "మా తమ్ముడు అలా సెయ్యడు" అని గట్టిగా అంది. అని, చూడటానికి బయల్దేరింది. ఆవిడ స్వభావమే అంత, మైకు మాట మీద రైలు ఎక్కదు. పొయ్యి పక్కన గిన్నె వాసన చూసింది. పెరటి గోడ అవతలికి వంగి చూసింది. చిక్కుడు ఈనెలూ, తినగా మిగిలిన తొక్కలూ, వాటి మధ్య అడ్డాకుతో కుట్టిన డొప్పలు పడి ఉన్నాయి. ఒకటి, రెండు. మూడోదాని కోసం గడ్డి దువ్వి మరీ వెతికింది. పాక వెనక వెతికింది, బూడిద గుంటలో కర్ర పెట్టి కెలికింది. ఉంటే బాగుండును, అనురాధ ముట్టలేదన్న మాట అబద్ధమైపోతుందని వెతికింది. పైనుంచి వచ్చిన మనిషి తెలియక తిన్నదని సరిపెట్టుకుంటే, తమ్ముడు మిగిలేవాడు. కానీ అక్కడున్నవి రెండే.

గోడకు చేరబడి కూలబడింది. ఆ తెల్లచొక్కా సాయినాథ్‌కు తెలియదు, వదిలెయ్. ధనుంజయ్‌కి తెలియదా? చిన్నప్పుడు పచ్చి చిక్కుడు కొరికినందుకు నాన్న వాణ్ని ఎండలో నిలబెడితే, ఎదురుగా తోడు నిలబడింది తనే కదా. తెలిసి తిన్నాడు. మైదానపువాడికి తన చేత్తో వడ్డించాడు. సంతకం ఇంకా ఆవిడ పెట్టలేదు గానీ, వాడు తన లోపల ఈ ఇల్లు ఎప్పుడో అమ్మేశాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నాలుగు రోజులుగా ఒక పరాయి మనిషి చేతిలోని పెన్నుకు కాపలా కాసింది తాను. ఆవిడకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

కన్నీళ్లు తుడుచుకుని సోంబరు ఇంటికి వెళ్లింది. తప్పు జరిగిన ఇల్లు తానే చెప్పుకోవాలి, అది పద్ధతి. ముసలాయన అంతా విని, "ఆ పట్నం అమ్మి పనేనా?" అన్నాడు. ఊరంతా అదే అనుకుంటుంది. అవునంటే సరిపోయేది. ఆవిడ రేపు వెళ్లిపోతుంది, అపవాదు ఆవిడతోనే పోతుంది.

"కాదు తాతా. ఆవిడ ముట్టనేదు. మా ఇంటోళ్లే" అంది రాజకుమారి.

ఎవరని సోంబరు అడగలేదు. ఆ ఇంటోళ్లంటే ఇద్దరే. తప్పు తీరడానికి కోడిపెట్టను తెచ్చి దేవత రాయి దగ్గర బలి ఇమ్మన్నాడు. ఆవిడ ఇచ్చింది.

శనివారం పొద్దున అనురాధ సంచి సర్దుకుంటుంటే రాజకుమారి గుమ్మంలో నిలబడింది. కొత్త గురించి మొత్తం చెప్పింది. చెప్పడం రాక చెప్పింది. అనురాధ పెన్ను తీయకుండా విన్నది.

"నిజంగా పుస్తకమేనా?" అని చివరికి అడిగింది రాజకుమారి.

"నిజంగా పుస్తకమే. మీరు వద్దంటే మీ ఇంటి పేరు రాయను."

"ఏటి రాసినారో సదవండి ముందు."

అనురాధ చదివింది. "ఈ ఇంటావిడ మిమ్మల్ని నమ్మదు. ఇల్లు కురుస్తుందని, అటక మీద పాములున్నాయని చెబుతుంది. పాదు నిండా చిక్కుడు ఉన్నా పెట్టదు, ఎందుకో చెప్పదు. మీరు ఎంచుకుని మరీ రావలసిన ఇల్లు ఇది."

రాజకుమారికి నవ్వు వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో ఆవిడ పళ్లు కనబడటం అదే మొదటిసారి. "పాముల్లేవమ్మా. అది అబద్ధం."

"తెలుసండీ. అటక ఎక్కి చూశాను."

"ఎక్కినారా! నాకు సెప్పకుండానా?" అని రాజకుమారి మళ్లీ కళ్లు చిన్నవి చేసింది. అలవాటు ఒక్క పూటలో పోదు. ఆటో ఎక్కేటప్పుడు మాత్రం, "కొత్తకి రండి. పెడతాను" అంది. బయటి మనిషిని కొత్తకు పిలవడం ఆ ఇంట్లో అంతకు ముందు జరగలేదు.

ధనుంజయ్‌ని ఆవిడ ఏమీ అడగలేదు. వాడు వచ్చినప్పుడల్లా మామూలుగానే అంబలి పోసింది. "ఆవిడేటైనా సేసిందేటక్కా?" అని వాడే అడిగాడు. "ఏటీ సెయ్యనేదు" అంది. పాదు వైపు వాడు చూడలేదు, ఆవిడ చూడమనలేదు. ఆ నెలలో ఇంకెవరూ బసకు రాలేదు. తిరిగిపోయిన ఇద్దరినీ కలుపుకున్నా లెక్క ఏడు దగ్గరే ఆగింది.

జనవరిలో సోంబరు రోజు చెప్పాడు. కొత్త నాటి పొద్దున అనురాధ ఫోన్ చేసి, మోకాలు నొప్పితో కదల్లేకపోతున్నాననీ, తన వంతు ఎండబెట్టి దాచమనీ అడిగింది. రాజకుమారి ఇల్లు అలికి, చిక్కుడు కడిగి, కొత్త కుండలో వండింది. దేవతకు పెట్టింది. పోయినవాళ్లకు ఆకు వేసింది. తండ్రి ఇంట్లో ఆయన పిల్లలకు ఒకే వరసలో ఆకు వెయ్యాలి కాబట్టి, తన ఆకు పక్కనే తమ్ముడి ఆకూ వేసింది.

ధనుంజయ్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మడిచిన కాగితం జేబులోంచి పైకి కనిపిస్తోంది. కాళ్లు కడుక్కుని ఆకు ముందు కూచున్నాడు.

"పదిమంది రానేదు గదక్కా" అన్నాడు, ఆకు వైపు చూస్తూనే.

"రానేదు. ముందు తిను" అని రాజకుమారి వేడివేడి చిక్కుడు వాడి ఆకులో వడ్డించింది. పక్కన ఇంకేదీ పెట్టలేదు. ఆవిరి వాడి మొహం దాకా లేచింది. ధనుంజయ్ చెయ్యి చాపి, ఆకు అంచు దగ్గర ఆపేశాడు. అక్క మొహంలోకి చూశాడు. అక్కడ కోపం కనబడి ఉంటే బతికిపోయేవాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. జేబులో కాగితం జేబులోనే ఉంది.

రాజకుమారి వాడి పక్కన కూచుని, ఇంకో గరిటెడు వడ్డించి అంది:

"తినరా. ఇయాల తప్పు లేదు."